అర అంగుళం టాపు

రాయచోటి
స్వభాను వైశాఖ శుద్ధ దశమి

నారాయణకు ఓబులేసు రాసేది.

నువ్వు బాగుండావని అనుకుంటా. నేను ఎట్లుండానో నువ్వు అడగవు కాబట్టి చెప్పను. నాకు రాయడం సరిగ్గా రాదని నీకు తెలుసు. నాయన నిన్ను బడికి పంపినాడు, నన్ను కొలిమి కాడ కూర్చోబెట్టినాడు. అక్షరం వంకరపోతే వంకరగానే చదువుకో.

పనుండి రాస్తాండా. లేకుంటే రాసేవాణ్ణి కాదు.

మన ముసలిది ఇంకా తిరుగుతాండాది. ముగ్గురాయి గనిలో తెల్లదొర వదిలించుకున్న అమెరికా లారీ, దాని మీద నాయనా నేనూ కొయ్యగూడు కట్టి బస్సు చేసినామే, అదే. యుద్ధం వచ్చి పెట్రోలు మాయమయినాక ఎనకాల బొగ్గుల పొయ్యి తగిలించినాం. ఆ పొగతోనే రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగుతాండాది. ఎక్కలేని చోట జనం దిగి తోస్తారు. తిట్టుకుంటారు, తోస్తారు.

ఇప్పుడు దాని జబ్బు స్టీరింగు డబ్బాలో ఉండాది. ఆ డబ్బాను చట్రానికి పట్టుకోనుండేవి మూడు బోల్టులు, అర అంగుళం లావువి. డబ్బా పోత ఇనుము. బోల్టు దూరే రంధ్రాల్లో నోటికాడ మర చుట్లు చితికినాయి. లోపల ఇంకా గట్టిగానే ఉండాయి. సరైన టాపు ఒక్కసారి దించితే దారి చక్కబడుతాది. బోల్టులు రవంత పొడుగువి నేనే కోసుకుంటా. కడ్డీ మీద చుట్లు కోసే డై, అమెరికాది, అర అంగుళందే, నా భాగంలో వచ్చింది. రంధ్రం లోపల చుట్లు కోసే టాపు నీ భాగంలో పోయింది.

అది పంపు. పని అయినాక తిరిగి పంపుతా. ఇది అడుక్కోవడం కాదు, అరువు.

జ్యేష్ఠంలో మోటారు ఇన్స్‌పెక్టరు బండి చూస్తాడు. స్టీరింగు ఊగితే పర్మిట్టు తీసేస్తాడు. ఈ రూటు కోసం ఈడ ఒక భూముల ఆసామి నోరు తెరుచుకోని కాచుకోనుండాడు.

రంగన్న బాగుండాడు. బండి వాడే తోలుతాండాడు. కనుమలో వాని చెయ్యి నమ్ముకోని ముసలోళ్ళు నిద్రపోతాండారు.

ఓబులేసు

*

కర్నూలు
20-5-1943

అన్నగారికి నారాయణ నమస్కారం.

నీ జాబు చూసి నేను నవ్వినా, మీ మరదలు కృష్ణవేణమ్మ ఏడ్చింది. ఇన్నేండ్లకు అన్న జాబు రాసినాడు, ఎందుకంటే టాపు కావాలంట.

వేంపల్లెలో నాయన కర్మ అయినాక పెద్దమనుషులు కూర్చున్న పొద్దు నీకు గుర్తుండాదా? గని దొర నాయనకిచ్చి పోయిన పెట్టెలు రెండు. ఒకదాంట్లో ఇంగ్లండు నుంచి దిగిన సీమ సామాను, ఒకదాంట్లో అమెరికా సామాను. చెరొక పెట్టె తీసుకుందాం, జత చెదరగొట్టొద్దండయ్యా అని నేను గొంతు పోయేటట్ల మొత్తుకున్నా. ఏ పెట్టె గొప్పదో నీకు తేలలేదు. తక్కువది నీకు వస్తాదేమోనని భయం. 'ఒకటికి ఒకటి' అన్నావు. అంతే. చాప పరిచి రెండు పెట్టెలూ బోర్లించి, చెంబులు తపేలాలు పంచినట్ల పంచినారు. టాపు ఈ కుప్పలోకి, డై ఆ కుప్పలోకి. ఎవరికీ అన్యాయం జరగలేదని అందరూ మజ్జిగ తాగి లేచిపోయినారు.

పానాలు కూడా అట్లే. సీమ పానా మీద వేసిన అంకె బోల్టు లావుది, అమెరికా పానా మీద వేసిన అంకె బోల్టు తల వెడల్పుది. ఆ సంగతి తెలీక అంకెకు అంకె చూసి జతలు కట్టినారు. ఈ పొద్దుకీ ఒక బండి కింద దూరితే సగం బోల్టులకు నా పానా వదులు, సగానికి ఎక్కదు. నీ సంగతి నువ్వు చెప్పుకోవు, నేను చెప్తాండా.

ఆ పొద్దు చాప మీద పెట్టనిది ఒక్కటే, నా కొడుకు రంగన్న. అంతకు ముందే నువ్వు దత్తు అడిగినావు, నేను ఇయ్యలేదు. అదే మనసులో పెట్టుకున్నావు. వదినకు జబ్బు జాస్తిగా ఉండాదంటే చూసి రమ్మని వాణ్ణి పంపినా. వదిన పోయింది, వాడు తిరిగి రాలేదు. నువ్వు బండి తాళం వాని చేతిలో పెట్టినావు, ఇంగ వాడు ఎందుకు వస్తాడు.

టాపు ఉండాది. నూనె గుడ్డలో చుట్టి పెట్టినా, మచ్చ పడలేదు. రంగన్నను ఇంటికి పంపు. వాడు మా గడప తొక్కిన పొద్దే టాపు నీకు పోస్టులో వస్తాది.

నారాయణ

*

రాయచోటి
వైశాఖ బహుళం

నారాయణకు.

నీ గొలుసుకట్టు రాత నాకు తెలీదు. రంగన్నే చదివినాడు. వాని గురించి రాసిన కాడ కూడా ఆగకుండా చదివినాడు. బాగా చదువుతాడు.

'ఏమప్పా, పోతావా?' అంటి.

'టాపుకు బదులు పోయేవాణ్ణయితే ఏ డబ్బాలో పండుకోవాల పెద్దనాయనా?' అనె.

ఇద్దరం నవ్వినాం. నీ కొడుకు నీ జాబుకు నవ్వినాడు, తెలుసుకో.

కన్నకొడుకును ఇనపముక్కకు మారకం పెట్టినోణ్ణి నిన్నే చూస్తాండా. దత్తు ఇయ్యనంటివి, సరే. మీ వదిన వాణ్ణి ఎత్తుకోని పెంచేటప్పుడు మాత్రం వద్దనలేదు. కర్నూల్లో నీకు పని కుదిరేంతవరకు వాడు యాడ తిన్నాడు? ఎవరి పక్కలో పండుకున్నాడు? నేను వాణ్ణి కట్టెయ్యలేదు. తలుపు తీసే ఉండాది. వాడు పోవడంల్యా.

ఇంగ నీ టాపు నీకాడే పెట్టుకో. నూనె గుడ్డలో పెట్టి పూజ చేసుకో. నా భాగంలో సీమ అర అంగుళం టాపు వచ్చింది. అర అంగుళం యాడయినా అర అంగుళమే. ముప్పావుకు నేను సీమ బోల్టు అమెరికా నట్టులో ఎక్కించి ఎన్నోసార్లు నడిపినా. నిమ్మళంగా పోతాది. పావుకు పోతాది. దీనికి ఎందుకు పోదు?

నూనె ఇంజన్లకు వచ్చిన సీమ బోల్టులు నాకాడ డబ్బాడు ఉండాయి.

ఓబులేసు

*

కర్నూలు
4-6-1943

అన్నా,

కోపం పక్కన పెట్టి రాస్తాండా. ఇది రంగన్న చదువుతాడు కాబట్టి వాడు కూడా వినాల.

సీమ టాపు ఆ డబ్బాలో దించొద్దు.

నువ్వు చెప్పింది నిజమే. పావు, ముప్పావు, ఇంకా మనకు తగిలే సైజులన్నిట్లో సీమకూ అమెరికాకూ అంగుళానికి చుట్ల లెక్క ఒకటే. పంటి వాలులో రవంత తేడా ఉండాది, అయినా గడిచిపోతాది. అందుకే నీకు ఇన్నేండ్లు గడిచింది. గడవనిది ఒక్క అర అంగుళమే. సీమది అంగుళానికి పన్నెండు చుట్లు. అమెరికాది పదమూడు. ఎందుకు అట్ల చేసినారో నాకు తెలీదు, చేసినారు. నేను ఈడ ఒక మిల్లు ఇంజను పగలగొట్టుకోని నేర్చుకున్నా.

పదమూడు చుట్ల దారిలో పన్నెండు చుట్ల టాపు దించితే అది దారి చక్కబెట్టదు. లోపల గట్టిగా ఉండే చుట్లను అడ్డంగా కోసేస్తాది. తీసి చూస్తే కొత్త చుట్ల మాదిరే మెరుస్తాయి. పోత ఇనుము కదా, లోపల అంతా పొడి.

నా మాట నమ్మొద్దు. మీ కండ్లనే నమ్మండి. నీ డైతో కోసిన బోల్టు ఒకటి, సీమ బోల్టు ఒకటి తీసుకోండి. పక్కపక్కన పెట్టి, ఒకదాని పండ్లు ఒకదాంట్లో కూర్చోబెట్టి, ఎండకు ఎదురుగా పట్టండి. రెండూ ఒక జాతివయితే చీమ దూరేంత సందు కూడా ఉండదు. కాకపోతే కొస కాడ వెలుతురు కనపడుతాది. వెలుతురు కనపడిందంటే ఆ బోల్టును ఆ బండిలో పెట్టొద్దు. ఇంత కంటే ఏమీ చెప్పలేను.

రంగన్నా, నువ్వు పట్టి చూడు. పెద్దనాయనకు చూపు తగ్గింటాది, ఒప్పుకోడు.

టాపు సంగతి ముందు రాసిందే. వాణ్ణి ఒక్కసారి పంపు. వాళ్ళమ్మ చూసుకుంటాది. ఉండమని బలవంతం చెయ్యను. అంతవరకు బండి నిలిపెయ్.

నారాయణ

*

రాయచోటి
జ్యేష్ఠ బహుళ తదియ

నారాయణకు.

ఇన్స్‌పెక్టరు వచ్చినాడు, చూసినాడు, పోయినాడు. చక్రం పట్టుకోని ఆ పక్కకూ ఈ పక్కకూ ఊపినాడు. డబ్బా రాయి మాదిరి ఉండాది. 'ఎవరు చేసినారు ముసలోడా?' అన్నాడు. 'చేసినోడు నీ ముందరే నిలబడుకోనుండాడు' అన్నా. పర్మిట్టు మళ్ళా రాసిచ్చినాడు. భూముల ఆసామి మొగం చూసింటే నీకు కూడా అన్నం సయించేది.

నీ పన్నెండు పదమూడు నాకు చెప్పొద్దు. నువ్వు సుత్తి ఎత్తలేని వయసులో నేను ఎద్దులబండి చక్రానికి కమ్మీ ఎక్కించినా. చుట్లు లెక్కపెట్టేది చదువుకున్నోళ్ళు. నేను గోరుతో గీరి చూస్తా, అది చెప్తాది.

సీమ టాపు దించినా. చుట్లు మిలమిల మెరిసినాయి. బోల్టు నాలుగు చుట్లు వేలితోనే పోయింది. ఆ పైన పట్టింది. పానాకు పైపు తగిలించి నేనూ రంగన్నా ఇద్దరం వేలాడినాం. అంత బిగువుగా కూర్చుంది. వదులుగా ఉండేది చెడ్డ పని, బిగువుగా ఉండేది మంచి పని. ఇది కూడా నువ్వు నాకు నేర్పుతావా?

నీ ఎండ పరీక్ష రంగన్న చేసినాడు. ఏమీ లేదు. బండి తోలుకోని పోయినాడు. రోజూ పోతాండాడు, వస్తాండాడు.

నీ టాపు తుప్పు పట్టనీ.

ఓబులేసు

*

కర్నూలు
1-7-1943

అన్నా,

నాలుగు చుట్లు వేలితో పోయి ఆ పైన పైపుకు ఇద్దరు వేలాడాల్సి వచ్చిందంటే అది బిగువు కాదు. కొరకడం. బోల్టు డబ్బాను కొరుకుతాండాది. రోడ్డు గుంతలకు ఊగి ఊగి కొరికింది పొడి అయినాక అన్నీ కలిసి ఒక్కసారే ఊడుతాయి. ఇన్స్‌పెక్టరు ఊపింది నిలబడిన బండిని.

టాపు ఈ జాబుతో పాటే పోస్టులో వేసినా. ఏ మాటా అడగను. రంగన్న రావద్దు, నీకాడే ఉండనీ, నీ కొడుకే అనుకో. రంధ్రాలకు మంచి ఇనుము బిరడాలు దించి, మళ్ళా తొలిచి, ఈ టాపుతో కోయి. నీ డైతో బోల్టులు కోయి. అప్పుడు తోలమను.

నేను గెలిచినానని అనుకోవద్దు. నాకు ఆ మాట అక్కరలేదు. బండి నిలిపితే చాలు.

నారాయణ

*

రాయచోటి
ఆషాఢం

నారాయణకు ఓబులేసు రాసేది.

నీ పార్సెలు వచ్చింది. ముందు వచ్చింటే బాగుండు. బండి పడినాక వచ్చింది.

పడిందంటే లోయలోకి పోలేదు. అది రాసుకో. కనుమ దిగేటప్పుడు, దర్గా దాటినాక వచ్చే మలుపులో చక్రం రంగన్న చేతిలోనే ఊరికే తిరిగిపోయింది. డబ్బా చట్రం వదిలేసింది. బ్రేకు సగమే పట్టింది. ఆ పక్క లోయ, ఈ పక్క కొండ. వాడు ఎగిరి దూకింటే దూకేవాడు. దూకలేదు. ఊగులాడే ఆ డబ్బాను కుడిచేత్తో వాటేసుకోని చక్రాలకు పోయే కడ్డీని కాలితో తన్ని బండిని కొండకు గుద్దించినాడు. సంతకు పోయే ఆడోళ్ళు, మూటలు, మేకలు అంతా బతికినారు. కొండకూ డబ్బాకూ నడుమ వాని చెయ్యి ఉండింది.

కడప పెద్దాసుపత్రిలో ఉండాడు. ప్రాణానికి ఏమీ లేదన్నారు. చెయ్యి మణికట్టు కాడికి తీసేసినారు.

బోల్టులు నేను ఏరుకొచ్చినా. మూడింటికీ పోత ఇనుము పొడి అంటుకోనుండాది. తుడిస్తే ఎవరయినా కొత్త బోల్టులే అంటారు.

నేను ఒకటి అడుగుతా. టాపు నీకాడ నూనె గుడ్డలో ఉండింది. వైశాఖంలో అడిగినా. అప్పుడే పంపింటే? కొడుకును చూడాలని ఉంటే వచ్చి చూడాల. టాపు పట్టుకోని కూర్చుంటారా? నీ మొండితనానికి వాని చెయ్యి పోయింది. ఈ మాట నేను అందరి ముందరా అంటా.

ఈ జాబు ఆసుపత్రి వరండాలో మొదలుపెట్టి ఈడికొచ్చి ముగిస్తాండా. వాళ్ళమ్మను తోలుకోని రా.

ఓబులేసు

*

కర్నూలు
22-8-1943

అన్నకు,

ఈ జాబు గొలుసుకట్టులో రాయలేదు. అక్షరం అక్షరం విడగొట్టి రాస్తాండా. నువ్వే చదువుకో, ఎవరితోనూ చదివించొద్దు.

రంగన్నను ఇంటికి తెచ్చుకున్నాం. నేను అడిగినట్లే గడప తొక్కినాడు. మీ మరదలు దిష్టి తీయడానికి చెంబు పట్టుకోని వచ్చి, వాణ్ణి చూసి, చెంబుతో సహా లోపలికి పోయింది.

నా మొండితనం అన్నావు. అది నేను కాదనను. టాపు అటక మీద ఉండగా నేను తిన్నాను, పండుకున్నాను. నీకు రాసిన జాబులో 'వాణ్ణి పంపు, టాపు పంపుతా' అని రాసి, బాగా రాసినానని రెండోసారి చదువుకున్నా. అది నేనే మోస్తా. నువ్వు మొయ్యాల్సింది కూడా ఒకటి ఉండాది. నువ్వు దాన్ని దాచినావు.

ఎండ పరీక్షలో ఏమీ లేదని రాసినావు. వాడు నాకు వేరే చెప్పినాడు. నేను అడిగితే చెప్పలేదు, వాళ్ళమ్మ అడిగితే చెప్పినాడు.

బోల్టులు రెండూ పట్టి చూసినాడంట. కొస కాడ సన్నగా వెలుతురు కనపడిందంట. నీకాడికి తెచ్చి 'పెద్దనాయనా, సందు ఉండాది చూడు' అన్నాడంట. నువ్వు ఆ బోల్టులు తీసుకోలేదు. కన్నెత్తి చూడలేదు. 'నువ్వు మీ నాయన కండ్లతో చూస్తాండావు. నా కండ్లతో చూసేవాడివయితే బండి ఎక్కు, లేకుంటే కర్నూలు పో' అన్నావంట.

వాడు బండి ఎక్కినాడు. సందు చూసి కూడా రోజూ ఎక్కినాడు. రోజూ కనుమ మొదట్లో బండి నిలిపి, కిందికి దూరి బోల్టులు చేత్తో పట్టి చూసి, అప్పుడు దిగేవాడంట. నీకు ఆ సంగతి తెలుసునా? తెలిసినా రాయవు.

ఇంకొకటి. పోలీసులు ఎవరు బిగించినారని అడిగితే 'నేనే' అన్నాడు. నీ పేరు చెప్పలేదు. వాని లైసెన్సు తీసేసినారు. తీసెయ్యకపోయినా ఏం చేసేది.

మీ ఇద్దరూ దేనికి పందెం వేసుకున్నారు నాయనా అని అడుగుతాడు. నీకు తెలిస్తే రాయి.

నారాయణ

*

రాయచోటి
కార్తీకం

నారాయణకు.

నీ జాబు నేనే చదివినా. శానా దినాలు పట్టింది.

ముసలిదాన్ని విప్పుతాండా. కొయ్యగూడు పీకి పొయ్యిలోకి వేసినా. ఎవరో వచ్చి ఇంజను అడిగినారు, ఇచ్చేసినా. భూముల ఆసామి బస్సు ఇప్పుడు ఈ రూట్లో తిరుగుతాండాది. దాని హారను ఇంటికి వినపడుతాది.

మొన్న ఎండలో కూర్చున్నా. నా డైతో కోసిన బోల్టు ఒకటి మిగిలింది. కనుమలో ఏరుకొచ్చిన సీమ బోల్టు ఒకటి. పండ్లు కలిపి ఎదురుగా పట్టినా. నా కండ్లకు పొర వచ్చింది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పొర ఉన్నా కనపడింది.

అంతకు మించి రాయను.

ఇంట్లో ఎవరూ లేరు. సద్ది సంకటి తింటాండా. నువ్వు జాలి పడొద్దు, నాకు అదే అలవాటు.

నా భాగం సామాను అంతా ఒక పెట్టెలో పెట్టి రైలుకు వేసినా. సీమది, అమెరికాది, డైలు, టాపులు, పానాలు, ఎండకు పట్టిన ఆ రెండు బోల్టులు, ఏ ఒక్కటీ ఉంచుకోలేదు. నువ్వు పంపిన టాపు కూడా దాంట్లోనే ఉండాది, దాన్ని నేను వాడలేదు. పెట్టె రంగన్నకు. నీకు కాదు. నీ భాగం కూడా తీసి వాని ముందర పెట్టు. రెండూ కలిస్తే నాయన పెట్టెలు రెండూ నిండుతాయి. వాడు అంగడి పెట్టుకోనీ. బోల్టు చేతిలో పెడితే ఏ జాతిదో వాడు చెప్తాడు. చెప్పడానికి ఒక చెయ్యి చాలు. బిగించడానికి మనిషిని పెట్టుకుంటాడు.

వాణ్ణి నాకు జాబు రాయమను. ఎడమచేత్తో రాస్తే నా రాత మాదిరే ఉంటాది, నేను చదువుకోగలను.

ఓబులేసు

*

కర్నూలు
11-1-1944

అన్నకు,

పెట్టె చేరింది. జవాబు ఆలస్యమయింది. రంగన్న రాస్తాడేమోనని కాచుకున్నా. వాడు రాయడు. నేనే రాస్తాండా.

నా భాగం కూడా తీసి వాని ముందర పెట్టినా, నువ్వు చెప్పినట్లే. నాయన పెట్టెలు రెండూ కడిగి నూనె పూసి తెచ్చినా. వాడు ఎడమచేత్తో ఒక్కొక్కటి తీసి, చూసి, సీమది సీమ పెట్టెలో, అమెరికాది అమెరికా పెట్టెలో పెట్టుకుంటా పోయినాడు. నువ్వు చెప్పింది నిజమే, అన్నా. వానికి చుట్లు కొలిచే గేజీ అక్కరలేదు, కండ్లకు తెలుస్తాది. టాపు పక్కన డై, దాని పక్కన పానా. పొద్దు వాలేలోపల రెండు పెట్టెలూ నిండినాయి. ఏ గూట్లో ఉండాల్సింది ఆ గూట్లో. వేంపల్లెలో ఆ పొద్దు బోర్లించినాక ఆ పెట్టెలను నిండుగా చూడడం నాకు అదే మొదలు. వాడు బాగుపడతాడని నేను అనుకున్నా. మీ మరదలు కూడా వచ్చి వాకిట్లో నిలబడింది.

అప్పుడు వాడు 'అమ్మా, చాప తీసుకరా' అన్నాడు.

చాప పరిచింది. రెండు పెట్టెలూ దాని మీద బోర్లించినాడు. ఆ చప్పుడుకు పక్కింటోళ్ళు తొంగి చూసినారు. బోర్లించి, మళ్ళా ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టడం మొదలుపెట్టినాడు. టాపు ఇటు, డై అటు. పెద్ద పానా ఇటు, చిన్న పానా అటు.

'ఏందిరా ఇది?' అన్నా.

'ఇది పెద్దనాయనకు. ఇది నీకు. ఒకటికి ఒకటి. పెద్దమనుషులు చేసిందే సరిగ్గా ఉండాది నాయనా, మీ ఇద్దరికీ అదే న్యాయం' అన్నాడు.

'నీకు?' అన్నా.

'నా వాటా నాకు కనుమలోనే ముట్టింది' అన్నాడు.

కోపంగా అనలేదు. అన్నం వద్దన్నట్ల అన్నాడు.

నేను ఆ కుప్పలు కలపడానికి వంగినా. 'ముట్టుకోవద్దు' అన్నాడు. నేను ముట్టుకోలేదు.

గుంతకల్లులో ఎవరో గిడ్డంగి కాపలా పని ఇస్తామన్నారంట. పోయినాడు. నీకాడికీ రాలేదు, నాకాడా ఉండలేదు. వాళ్ళమ్మ కట్టిచ్చిన సద్ది మాత్రం తీసుకున్నాడు.

నీ కుప్ప నీకు పంపుతాండా. వాడు మూట కట్టించి, ముడి వేయడం కుదరక నన్ను వేలు పెట్టమన్నాడు, అంతే నేను చేసింది. ఈసారి అమెరికా అర అంగుళం టాపు నీకు వచ్చింది. డై నాకు వచ్చింది. వాడు చూసే పెట్టినాడో, చూడకుండా పెట్టినాడో నేను అడగలేదు.

నారాయణ

*

రాయచోటి
మాఘం

నారాయణకు.

టాపు ముట్టింది.

దీనితో కోసిన చుట్లకు పట్టే బోల్టు నాకాడ లేదు. ఆ బోల్టు కోసే డై నీకాడ ఉండాది. నేను అడగను.

ఉంచుకో.

ఓబులేసు